కోయంబత్తూరులో చూసిన స్టీరింగు

మొన్న వేసవిలో మా పినతల్లి మనుమరాలి పెళ్ళికి కోయంబత్తూరు వెళ్ళవలసి వచ్చింది. మాది గుమాస్తా ఉద్యోగం; మూడు రోజుల సెలవు మంజూరు చేయించుకోవడం ఎంత పనో మన చదువరులలో సగంమందికి వేరే చెప్పనక్కరలేదు. ఎట్లాగో ఆ పని ముగించుకొని, మేమూ మా ఆవిడా, అక్కయ్య, బావగారు, మేనల్లుడు కలిసి హోసూరు స్టేషనులో పొద్దున్నే రైలెక్కాము.

బండి కదిలి పది నిమిషాలు కాలేదు, తండ్రీకొడుకుల నడుమ పాత తగవు మొదలైంది. మేనల్లుడు డిప్లొమా చదువుతున్నాడు. వాడికి కంప్యూటరుమీద కార్ల పందేలు ఆడే వెర్రి. ఇన్నాళ్ళూ మీటలు నొక్కి ఆడేవాడు. ఇప్పుడు దానికి ఒక స్టీరింగు కావాలట. ఉత్త ప్లాస్టిక్ చక్రం కాదు, మనం తిప్పితే అది తిరిగి మన చేతిని తోసే రకం. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారట. ధర పాతిక, ముప్పై వేలు.

"ముప్పై వేలు పోసి బొమ్మ కొంటావా? ఆ డబ్బుకు నిజం బండి టైర్లు రెండొస్తాయి" అన్నారు బావగారు.

"నిజం బండి ఎక్కడుంది నాయనా మనకు?" అన్నాడు వాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. అక్కయ్య వాడివైపు చూసిన చూపు మేము మరచిపోలేము.

సంగతేమంటే, బావగారు 31 ఏళ్ళు లారీ తోలిన మనిషి. హోసూరునుంచి సేలం, కోయంబత్తూరు, మైసూరు, ఒక్కొక్కప్పుడు విజయవాడ. చివరి పన్నెండేళ్ళు సొంత బండి. చక్కెర జబ్బు వచ్చి, మెల్లగా అరికాళ్ళు మొద్దుబారాయి. ఒకనాడు చెప్పు జారిపోయిన సంగతి తెలియక, వట్టికాలితో మధ్యాహ్నపు ఎండలో తారురోడ్డు దాటి ఇంటికొచ్చారు. కాలు బొబ్బలెక్కితేగాని ఆయనకు తెలియలేదు. డాక్టరు ఒక్కటే మాట అడిగాడట: "బ్రేకుమీద కాలు ఉందో లేదో మీకు తెలుస్తుందా?" బావగారు జవాబు చెప్పకుండా ఇంటికొచ్చి, నెల తిరక్కుండా బండి అమ్మేశారు. ఇది జరిగి రెండేళ్ళు. అప్పటినుంచి ఎవరి కారులోనైనా ముందు సీటులో కూర్చోమంటే కూర్చోరు.

ధర్మపురి దాటాక తొప్పూరు కొండలు వచ్చాయి. రైలునుంచి చూస్తే ఎంతో అందంగా ఉంటాయి. లారీవాళ్ళకు ఆ పేరు చెబితే నవ్వు రాదు. ఆ కొండల్లోనే రహదారి సేలంవైపు ఏకధాటిగా దిగుతుంది. డీసెలు మిగులుతుందన్న ఆశతో గేరు తీసేసి దించేవాళ్ళు కొందరు, బ్రేకుమీదే కాలు అదిమిపెట్టి బ్రేకులు కాలి పట్టకుండా పోయినవాళ్ళు కొందరు. అక్కడ జరిగిన ప్రమాదాలకు లెక్కలేదు. బావగారు కిటికీలోనుంచి చూస్తూ తనంతట తానే మొదలుపెట్టారు.

"వానలో ఇక్కడ దిగేటప్పుడు కంటిని నమ్మకూడదు బావా. చెయ్యి చెబుతుంది. స్టీరింగు బరువుగా ఉన్నంతసేపూ టైరు నేలను పట్టుకొనుందని అర్థం. ఉన్నట్టుండి తేలికైపోయిందనుకో, ముందు చక్రాలు జారడానికి సిద్ధమైనాయి. ఆ తేలిక తెలిసినవాడు ఇల్లు చేరతాడు."

మేనల్లుడు ఏదో అనబోయి ఊరుకున్నాడు. వాడు అనబోయిన మాట మాకు మరునాడుగాని తెలియలేదు.

పెళ్ళి బాగా జరిగింది. కోయంబత్తూరు తెలుగు ఇళ్ళ మర్యాద గురించి మేము కొత్తగా రాయనక్కరలేదు. ఎన్ని తరాలు గడిచినా ఇంట్లో తెలుగే. నడుమ నడుమ తమిళం ఆవాల్లాగా చిటపటలాడుతుంది. నాదస్వరానికి మైకు మరీ పెద్దది పెట్టి, గమకాలన్నీ కలిసి ఒకటే రొద చేశారు, అదొక్కటే లోపం. ఈ మైకు సంగతి మళ్ళీ వస్తుంది.

మరునాడు ఊరు చూడడానికి బయలుదేరాము. కోయంబత్తూరంటే మనవాళ్ళకు బట్టల మిల్లులు తోస్తాయి. కాని ఆ ఊరు మోటార్ల ఊరు కూడా. ఎన్నో జిల్లాల రైతుల బావుల్లో నీళ్ళు తోడే పంపుసెట్లు అక్కడ తయారైనవే. మనదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారు 1937లో ఆ ఊళ్ళోనే జి.డి. నాయుడుగారు, బాలసుందరం నాయుడుగారు కలిసి చేశారని చెబుతారు. జి.డి. నాయుడుగారు తెలుగింటి బిడ్డ. 1893లో ఆ దగ్గరి కలంగల్‌లో పుట్టి, 1974లో పోయారు. బడిచదువు అంతంతమాత్రం. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని నడుమ తానే తోలారు. ఆ ఒక్క బస్సే తరువాత పెద్ద బస్సు సర్వీసు అయింది. ఈ సంగతి విన్నాక బావగారికి ఆయనమీద గౌరవం ఒక్కసారి పెరిగిపోయింది. "తానే తోలినాడా?" అని రెండుసార్లు అడిగారు.

అవినాశి రోడ్డులో ఆ కుటుంబంవారి ట్రస్టు నడిపే కార్ల ప్రదర్శనశాల ఉంది. పాత కార్లను అద్దంలా తుడిచి వరుసగా నిలబెట్టారు. మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది 1886నాటి బెంజ్ మూడుచక్రాల బండికి చేసిన నమూనా. దానికి స్టీరింగు చక్రమే లేదు! నిలువు కడ్డీమీద ఒక చిన్న పిడి, అంతే. పడవకు చుక్కానిలాగా ఆ పిడి పట్టుకొని తిప్పాలి. గుండ్రటి చక్రం కారుకు వచ్చింది తరువాతి మాట. 1894లో పారిస్‌నుంచి రువాన్‌కు జరిగిన పందెంలో వషెరాన్ అనే ఫ్రెంచివాడు తన బండికి పెట్టుకొచ్చినది మొదటివాటిలో ఒకటి. పందెంకోసం పుట్టిన చక్రమే ఇది అని మేనల్లుడు తండ్రివైపు చూడకుండా, గోడవైపు చూసి అన్నాడు.

మధ్యాహ్నం వాడి పోరు పడలేక చెట్టిపాళయం పోయాము. ఊరికి దక్షిణాన కరి మోటార్ స్పీడ్‌వే అనే పందెపు బాట ఉంది, పొడవు 2.1 కిలోమీటర్లు. మారుతి ఇంజను పెట్టి ఒంటిసీటు పందెంకార్లు తయారుచేయించి, ఎందరో కుర్రవాళ్ళకు ఈ విద్య అందుబాటులోకి తెచ్చిన కరివర్ధన్‌గారి పేరు దానికి పెట్టారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఫార్ములా వన్ పందేలలో దిగిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా ఈ ఊరివాడే. 2005లో జోర్డాన్ జట్టుకు తోలాడు. మేము వెళ్ళిననాడు పందేలు లేవు. ఎండలో బాట ఒంటరిగా పడి ఉంది. గేటు కాపలావాడు మమ్మల్ని చూసి జాలిపడి మంచినీళ్ళిచ్చాడు. మా ఆవిడా అక్కయ్యా ఆటోలోనుంచి దిగనేలేదు.

తిరిగి ఊళ్ళోకి వచ్చాక మేనల్లుడు అసలు పని బయటపెట్టాడు. గాంధీపురం దగ్గర ఒక మేడమీద పందెపు ఆటల గది ఉందట, అరగంటకు ఇంత అని రుసుము. "కొనొద్దు నాయనా, ఒక్కసారి చూడు" అన్నాడు. ఆడవాళ్ళు చీరలకొట్టుకు పోయారు. మేము ముగ్గురం మెట్లెక్కాము.

చల్లని గది. నాలుగు ఇనుప చట్రాలు, వాటిలో కారు సీట్లు, ఎదుట వెడల్పు తెరలు. గది చూసుకునే కుర్రవాడు తమిళంలో పలకరించాడు; మేము మాలో మేము మాట్లాడుకోవడం విని "తెలుగువాళ్ళా!" అని ఇంటిభాషలోకి దిగాడు. ఇక వాడికి మా దగ్గర దాపరికం లేకపోయింది. ఒక యంత్రం మూత తీసి చూపించాడు.

చక్రం వెనుక ఉన్నది మోటారే. బావిలో నీళ్ళు తోడేదానికి ఇది దూరపు చుట్టం. చౌకరకాల్లో మోటారుకూ చక్రానికీ నడుమ పళ్ళచక్రాలుంటాయి, కొంచెం గరగరమంటాయి. మధ్యరకాల్లో బెల్టు ఉంటుంది. ఖరీదైనవాటిలో స్టీరింగును మోటారు ఇరుసుకే నేరుగా బిగిస్తారు. కంప్యూటరు లోపల బండి బరువు, వేగం, టైరు పట్టు, రోడ్డు ఎగుడుదిగుళ్ళు అన్నీ సెకనుకు కొన్ని వందలసార్లు లెక్కగట్టి, ఇప్పుడు చక్రాన్ని ఎటు ఎంత బలంగా తిప్పాలో మోటారుకు చెబుతూ ఉంటుంది. లెక్కలు మా వృత్తి. అయినా ఆ వేగం వింటే మాకు మా లెడ్జరుమీద చిన్నచూపు కలిగింది.

బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మీటరు పొడవు కర్ర చివర వంద గ్రాముల రాయి కడితే కర్ర మొదట్లో మణికట్టుకు తెలిసే మెలి ఇంచుమించు ఒకటి. మేనల్లుడు అడిగే రకం రెండుకు కొంచెం అటూ ఇటూ. అంటే చక్రం అంచున కిలోన్నర బరువు లాగినట్టు. ఆ గదిలో ఉన్నది ఎనిమిది. అంచున అయిదు కిలోలకు పైమాట. మొదట తయారైనవి ఇళ్ళకు కాదు, ఆటల అంగళ్ళకు. అమెరికాలో అటారీ కంపెనీ 1989లో తెచ్చిన హార్డ్ డ్రైవిన్ అనే ఆటపెట్టెలో ఇటువంటి ఎదురుతోపు ఉండేది.

మేము అడిగాము: "బలం ఎంత ఎక్కువైతే అంత నిజంగా ఉంటుందా?"

"కాదండీ. మోటారు చేయగలిగినదానికన్నా ఎక్కువ అడిగితే అది ఒకే హద్దు దగ్గర ఆగిపోతుంది. పెద్ద తోపూ మరీ పెద్ద తోపూ ఒకటైపోతాయి. చిన్న చిన్న తేడాలు చేతికి తెలియవు."

నిన్నటి నాదస్వరం మైకు మాకు గుర్తొచ్చింది.

మేనల్లుడు ముందు కూర్చున్నాడు. జర్మనీలో 1927లో తెరిచిన నూర్‌బర్గ్‌రింగ్ ఉత్తరపు బాట పెట్టమన్నాడు. అడవికొండల నడుమ ఇంచుమించు 20.8 కిలోమీటర్లు, డెబ్బైకి పైగా మలుపులు. నిజం బాటను కొలతలు తీసి కంప్యూటరులో అట్లాగే గీశారు. వాడు బాగానే తోలాడు, ఒక మలుపులో వెనుక చక్రాలు జారి కంచెకు కొట్టుకున్నాడు, నవ్వాడు, మీట నొక్కాడు. బండి కొత్తదై మళ్ళీ నిలబడింది.

బావగారు నవ్వలేదు. "ఇదిరా నాకు నచ్చనిది. ముప్పై వేలు కాదు. తగిలితే నవ్వడం నేర్పుతుంది ఇది" అన్నారు.

వాడి ముఖం చిన్నబోయింది. అప్పుడు చెప్పాడు, రైలులో అనబోయిన మాట: "నిన్న నువ్వు చెప్పినావే నాయనా, తేలిక. నాకు ఆ తేలిక ఇందులోనే తెలిసింది. నువ్వు చెబుతుంటే నాకు అర్థమైంది అందుకే. ఒక్కసారి కూర్చో."

బావగారు మావైపు చూశారు. మేము ఏమీ అనలేదు. ఆయన చెప్పులు విడిచి కూర్చున్నారు.

కుర్రవాడు చేతులు చూసి ఆశ్చర్యపోయాడు. అందరికీ వాడు మొదట చెప్పే జాగ్రత్త ఒకటుంది: బొటనవేళ్ళు చక్రం ఊచల లోపల పెట్టకండి, గుద్దినప్పుడు చక్రం విసురుకు వేలు విరుగుతుంది అని. బావగారి బొటనవేళ్ళు ఎవరూ చెప్పకుండానే అంచుమీద బయటకు ఉన్నాయి. పవర్ స్టీరింగు లేని కాలంలో గోతుల రోడ్లమీద తోలినవాళ్ళందరికీ అదే అలవాటు.

బండి కదిలింది. మొదటి మలుపు నిదానంగా తిరిగారు, రెండోది తిరిగారు. మూడో దాని ముందు బ్రేకు వేయాలి. ఆయన తలవంచి కాళ్ళవైపు చూశారు. పాదం ఎక్కడుందో చూసుకున్నారు. తల ఎత్తేలోగా బండి కంచెలో ఉంది. చక్రం చేతుల్లో విదిలించుకొని ఆగిపోయింది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. యంత్రం తోడ్పాటు ఎంతున్నా ఆ బ్రేకు గట్టిది. కాలు ఎంత దూరం పోయిందో కాక, ఎంత బలంగా నొక్కిందో కొలుస్తుంది. కాలికి బలం తెలిసినవాడికి అది వరం. బావగారికి తెలియనిదే అది. ఆయన మెల్లగా లేవబోయారు.

అప్పుడు ఆ కుర్రవాడు, "పెద్దాయనా, కూర్చోండి" అన్నాడు. చక్రం వెనుక చేతివేళ్ళకు అందేచోట రెండు రేకులున్నాయి. అవి ఉత్త బొత్తాలు కావు, ఎంత లాగితే అంత పనిచేసే రకం. కంప్యూటరులో ఏదో మార్చి, కుడి రేకుకు వేగం, ఎడమ రేకుకు బ్రేకు అప్పగించాడు. కాళ్ళు పనిచేయనివాళ్ళు ఇట్లాగే ఆడతారట. ఆటలో మాత్రమే కాదు. జనార్డి అనే ఇటలీ పందెగాడు 2001లో ప్రమాదంలో రెండు కాళ్ళూ పోగొట్టుకొని, మార్పులు చేసిన కారుతో తిరిగి వచ్చి 2005లో జర్మనీలో పెద్ద పందెం ఒకటి గెలిచాడని చెప్పాడు.

బావగారు ఆ మాటలు విన్నారో లేదో మాకు తెలియదు. వేళ్ళతో రేకులు రెండుమూడుసార్లు లాగి చూసుకున్నారు. కదిలారు.

మొదటి అయిదు నిమిషాలు ఎడ్లబండి నడిచినట్టు నడిచింది. తరువాత భుజాలు దిగాయి. మేము పక్కన నిలబడి చక్రంమీద ఒక వేలు ఆనించాము. నిజానికి ఆ తోపు ఎందుకు పుడుతుందో అప్పుడుగాని మాకు తలకెక్కలేదు. మా ఆఫీసు కుర్చీ కింద చక్రాలుంటాయి కదా. కుర్చీని ఎటు తోస్తే అవి ఇరుసుకు వెనుకబడి, తమంతట తామే ఆ దారికి సర్దుకుంటాయి. కారు ముందు చక్రాల్లోనూ అంతే. టైరు నేలను పట్టే చోటు, చక్రం మళ్ళే ఇరుసు గీతకు కొంచెం వెనుకగా పడుతుంది. అందుకే మలుపులో స్టీరింగు నిటారుకు వస్తానని గుంజుతుంది. టైరు పట్టు హద్దుకు వచ్చేసరికి ఆ వెనుకబాటు తగ్గిపోతుంది, గుంజుడు సడలుతుంది. బావగారి తేలిక అదే. తొప్పూరులో ఆయన చేతికి తెలిసినదాన్ని ఎవరో లెక్కగట్టి మోటారులో పెట్టారు.

ఒకచోట లోతుగా వాలిన కాంక్రీటు మలుపు వచ్చింది. కరుసెల్ అని దాని పేరు. పలకల అతుకులమీద చక్రం గడగడలాడింది. బావగారు "అబ్బ!" అన్నారు. ఆ అబ్బలో ఏముందో మేము రాయలేము. దాని తరువాత ఒక దిగుడులో వెనుక భాగం పక్కకు జరిగింది. చక్రం తనంతట తానే ఎదురువైపు తిరగబోయింది. ఆయన దాన్ని ఆపలేదు, వేళ్ళు వదులుచేసి దాని దారిన పోనిచ్చి, సరిగ్గా అవసరమైనచోట పట్టుకున్నారు. బండి నిలదొక్కుకుంది. మేనల్లుడు, "నేను మూడు నెలలుగా నేర్చుకుంటున్నది ఇదే మామా" అని మా చెవిలో అన్నాడు.

దిగాక బావగారు తప్పులు చెప్పారు. మెచ్చుకోలు ఆయనకు అలవాటులేదు. సీటు ఏమీ చెప్పదు, అన్నారు. నిజం బండిలో జారడం ముందు నడుముకు తెలుస్తుంది, ఇందులో చేతికీ కంటికీ తప్ప ఒంటికి కబురు రాదు. గాలి లేదు, బ్రేకులు కాలిన వాసన లేదు. "చేతివరకు మాత్రం అబద్ధం చెప్పలేదు" అన్నారు. అరగంట రుసుము ఇవ్వబోతే ఆ కుర్రవాడు బావగారి వంతుకు పుచ్చుకోలేదు.

తిరుగు ప్రయాణంలో తొప్పూరు దాటేసరికి చీకటి పడింది. అందరూ నిద్రపోయారనుకున్నాము. బావగారు మోచేత్తో మమ్మల్ని పొడిచి, "ఆ వెనక రేకులుండేది ఎంతవుతుందో అడిగినావా బావా?" అన్నారు. అడిగాము. మేనల్లుడు కోరినదానికి రెండింతలకు పైన. ఆయన మరి మాట్లాడలేదు.

ఇప్పుడు అక్కయ్య ఇంట్లో ఉన్నది చౌకరకమే, అదీ ఒకరు వాడి అమ్మినది. వెనుక రేకులు లేవు. మేనల్లుడు హోసూరులో ఒక లేత్ పనివాడిని పట్టుకొని, బ్రేకు పెడలును చేత్తో తోయడానికి ఒక ఇనుప కడ్డీ చేయించాడు. తోస్తే బ్రేకు, లాగితే వేగం. పాతికసార్లు విరగ్గొట్టి మళ్ళీ చేశాడు. అన్నం బల్లకు ఆ చక్రం బిగించడం అక్కయ్యకు ఇష్టంలేదు. మలుపు వచ్చినప్పుడల్లా బల్లమీది గ్లాసులు గలగలమంటున్నాయని మాకు ఫోనుచేసి మొరపెట్టుకుంది. బావగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు తోలుతున్నారట, లారీకి లేచే వేళకే. ఆ చేతికడ్డీ నిజం కారుకు కూడా పెట్టించి లైసెన్సు తీసుకోవచ్చు కదా అని మేము అడిగితే, రోడ్డుమీదికి మాత్రం పోను అన్నారు. కొడుకును మటుకు కంచెకు కొట్టినప్పుడు మీట నొక్కనివ్వరు. దిగి, వాకిలిదాకా నడిచి వచ్చి కూర్చోవాలట. వాడు సణుగుతూనే నడుస్తున్నాడని అక్కయ్య చెప్పింది.